రాఖీ లైనులో హీరో

ప్రేమకథకు అడ్డం ఉండాలి. అడ్డం లేకపోతే రెండో ఎపిసోడ్‌కే పెళ్లయిపోతుంది, మూడో ఎపిసోడ్‌కి రైటర్ ఇంట్లో కూర్చుంటాడు. అందుకని మా ముందు తరం వాళ్లు కులం, ఆస్తి, జాతకం, మేనత్త అని రకరకాల అడ్డాలు కనిపెట్టి పెట్టారు. నేను వాటిలో ఒక్కటీ వాడకుండా కొత్తగా వీధి కొళాయిని అడ్డం పెట్టాను. మా చానల్ వాళ్లు నాకంటే తెలివైనవాళ్లు కాబట్టి, నా బుర్రకు ఏనాడూ తట్టని అడ్డం ఒకటి పట్టుకొచ్చారు.

మా పారిజాతం టీవీకి నేను ఎన్నో ఏళ్లుగా సీరియల్స్ రాస్తున్నాను. నా పేరు తెరమీద పడుతుంది గాని, సరిగ్గా అదే సమయానికి ఇళ్లల్లో అందరూ కుక్కరు దింపడానికి లేచిపోతారు. రాసినవన్నీ ఏడుపులే. అత్త కోడల్ని ఏడిపించేవి, కోడలు అత్తను ఏడిపించేవి, ఇద్దరూ రాజీపడి ఆడపడుచును ఏడిపించేవి. అలాంటి నన్ను ఒకరోజు ప్రోగ్రామింగ్ హెడ్ మృదుల మేడమ్ పిలిపించారు.

"రైటర్ గారూ, ఇప్పుడు ట్రెండ్ అంతా లవ్ కామెడీ. ఇంటిల్లిపాదీ నవ్వుకునే ప్రేమకథ ఒకటి కావాలి. కంటెంట్ లైట్‌గా ఉండాలి, ఎమోషన్ టైట్‌గా ఉండాలి."

'కొళాయి దగ్గర' అని రాసిచ్చాను. ఒకే కాంపౌండులో ఎదురెదురు వాటాల్లో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి అద్దెకుంటారు. ఇద్దరికీ కలిపి ఒకే కొళాయి. రోజూ పొద్దున్నే బిందెల దగ్గర కొట్టుకుంటారు. కథంతా అంతే. ఇలాంటి కథలో దమ్ము కాగితం మీద ఉండదు, నటించే ఇద్దరిలో ఉంటుంది. జంట కుదిరితే మంచినీళ్లు కూడా పాయసంలా ఉంటాయి. కుదరకపోతే పాయసం కూడా ఎవడూ ముట్టడు.

అమ్మాయి వేషానికి అలేఖ్య తానే వచ్చి అడిగింది. ఆమెది తెనాలి. మా చానల్లో చాలాకాలంగా ఏడుస్తోంది, బాగా ఏడుస్తుందని పేరు.

"రైటర్ గారూ, గ్లిజరిన్ పెట్టీ పెట్టీ కళ్లు మంటలెక్కిపోతున్నాయండీ. కళ్ల డాక్టరు గారు ఇంక ఏడవడానికి వీల్లేదన్నారు. ఈ ఒక్క సీరియల్ నిలబడితే జనం నన్ను నవ్వే మనిషిగా చూస్తారు. పడిపోయిందనుకోండి, మేడమ్ దగ్గర నాకోసం ఇంకోటి రెడీగా ఉందంట. మొగుడు కోమాలో ఉంటాడంట. వాడు లేచేదాకా నేను మంచం పక్కన ఏడవాలంట."

"ఎప్పుడు లేస్తాడు?"

"రేటింగ్ పడిపోయినప్పుడంటండీ."

కోమా సీరియల్ కూడా నేనే రాయాలని నాకప్పటికే చెప్పారు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. ఆ కళ్లు చూస్తే నిజంగానే జాలేసింది.

అబ్బాయి వేషం దగ్గర చిక్కు వచ్చింది. ఆడిషన్‌కి వచ్చిన అందగాళ్లంతా కొళాయి పక్కన ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డారు. అలేఖ్య బిందె లాక్కుంటే కెమెరా వైపు చూసి జుట్టు సర్దుకున్నారు. అందగాడికి ఓడిపోవడం రాదు. నవ్వించే ప్రేమకథలో హీరో అంటే అమ్మాయి చేతిలో ఓడిపోయి, ఓడిపోయిన సంగతి తనకే తెలియనివాడు.

అలాంటివాడు సాయంకాలానికి దొరికాడు. పేరు కౌశిక్, ఊరు జనగామ. సన్నగా ఉంటాడు, చెవులు కొంచెం విశాలం. హీరోల పక్కన ఫ్రెండు వేషాలు, ఆటో డ్రైవర్ వేషాలు వేసేవాడు. పై అంతస్తులో వేరే సీరియల్ ఆడిషన్‌కి వచ్చి, పొరపాటున మా లైనులో నిలబడ్డాడు. లైను చూసుకోకుండా నిలబడడం అతనికి పుట్టుకతో వచ్చిన గుణమని తర్వాత తెలిసింది. వచ్చాడు కదా అని బిందె చేతికిచ్చాం.

"కొళాయి దగ్గరికి ముందొచ్చింది నేను. బిందె తియ్యి," అంది అలేఖ్య, స్క్రిప్టులో ఉన్నట్టే.

కౌశిక్ కొళాయిని చూశాడు, ఆమెను చూశాడు. "కొళాయి కాడికి నువ్వు ముందొచ్చినవ్, నేను కాదంటలే. గని నల్లా కాడికి నేను ముందొచ్చిన," అన్నాడు. ఆ మాట స్క్రిప్టులో లేదు.

"అది కొళాయి!"

"మీ తెనాల్ల కొళాయి. గిది హైదరాబాద్‌ల ఉన్నది కదా, దీని పేరు నల్లా. పాపం, దాన్నే అడుగు."

వాళ్లిద్దరూ అలా వాదించుకుంటూనే ఉన్నారు. ఈలోపు ప్రొడక్షన్ వాళ్లు ట్యాంకరుతో పెట్టించిన నీళ్లు అయిపోయాయి. ఇద్దరూ ఖాళీ బిందెల్లోకి తొంగిచూసుకుని ఒకేసారి ఆగిపోయారు. అప్పుడు అలేఖ్య నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. గ్లిజరిన్ లేకుండా ఆమె కళ్లల్లో నీళ్లు చూడడం మాకదే మొదటిసారి. ఇంక వెతకక్కర్లేదు, జంట కుదిరిపోయింది.

ప్రోమో వేశాం. జనం నవ్వారు. మా చానల్ చైర్మన్ గారి తల్లి కూడా నవ్వారట. ఆవిడ మా సీరియల్స్ ఒక్కటీ వదలకుండా చూస్తారు, చైర్మన్ గారు ఆవిడకు తప్ప ఎవరికీ భయపడరు. కాబట్టి ఇంక మాకు తిరుగులేదనుకున్నాను.

మర్నాడు ఒక ప్రేక్షకురాలు మా చానల్‌దే పాత వీడియో ముక్క ఒకటి తవ్వి తీసి ఫేస్‌బుక్‌లో పెట్టింది.

ఇక్కడ మా రాఖీ స్పెషల్ గురించి చెప్పాలి. ప్రతి ఏడూ రాఖీ పండగ నాడు మా చానల్ పెద్ద ఈవెంట్ చేస్తుంది. ఏదో మిఠాయి కంపెనీ స్పాన్సర్ చేస్తుంది. ప్రోగ్రాం మూడు గంటలు సాగాలి కాబట్టి, చానల్లో ఉన్న హీరోయిన్లందరినీ పళ్లేలతో కూర్చోబెట్టి, హీరోలందరినీ లైనుగా పంపి, అందరి చేతా అందరికీ రాఖీలు కట్టిస్తారు. ఆ వీడియోలో అలేఖ్య కౌశిక్‌కు రాఖీ కడుతోంది. అలవాటు కొద్దీ ఏడుస్తూ కడుతోంది.

కింద కామెంట్లు వరదలా వచ్చాయి. 'చెల్లెలితో ప్రేమాయణమా?' 'పారిజాతం టీవీకి పండగంటే లెక్కలేదా?' చైర్మన్ గారు హడలిపోయి, విషయాన్ని మా చానల్ సంస్కృతీ పరిరక్షణ విభాగానికి అప్పగించారు.

ఆ విభాగం అంటే భీమశంకరం గారు. ఏదో ప్రభుత్వ శాఖలో పెద్ద పదవి చేసి రిటైరయ్యారు. కుర్చీ వెనక తెల్ల తువ్వాలు వేయనిదే కూర్చోరు. సర్వీసులో ఉన్నంతకాలం ఏ ఫైలునీ ఔననలేదు, కాదనలేదు, అందుకే మచ్చలేని మనిషని పేరు తెచ్చుకున్నారు. ఆయన మమ్మల్నందరినీ పిలిపించి విచారణ మొదలుపెట్టారు.

"సదరు నటీమణి సదరు నటునికి సదరు రక్షాబంధనమును కట్టిన మాట వాస్తవమేనా?"

"వాస్తవమేనండీ," అంది అలేఖ్య. "పళ్లెం నిండా రాఖీలు పోసి, చెయ్యి కనబడితే కట్టెయ్యమన్నారండీ. లైట్‌బాయ్‌కి కూడా ఒకటి కట్టేశాను."

"ఏ హస్తమునకు?"

"కుడి చేతికి సార్," అన్నాడు కౌశిక్. "గని గా దినం నేను బిర్యానీ లైనుల నిలబడ్డ అనుకున్న. ముంగటికి పోయినంక చూస్తే పళ్లెంల దారాలు ఉన్నయ్. వెన్కకు తిరుగుదామంటే వెన్క అందరు హీరోలే."

"మిఠాయి తినిపించబడినదా?"

"తినిపిచ్చింది సార్. కాని అది మిఠాయి కాదు, థర్మాకోల్. అసలు మిఠాయి స్పాన్సరోళ్లు వాపస్ తీస్కపోయిన్రు."

భీమశంకరం గారు కుర్చీ మీది తువ్వాలు సర్దుకున్నారు. "మిఠాయి కృత్రిమమైనంత మాత్రమున సోదరభావము కృత్రిమము కాజాలదు," అని తీర్పు చెప్పారు. "ఇందుమూలముగా ఎల్లరకు తెలియజేయునది ఏమనగా, ఈ సంస్థ వేదికపై రక్షాబంధనము జరిగిన నటీనటులు ఇకమీదట ప్రేమికులుగా నటించుటకు అనర్హులు."

మృదుల మేడమ్ ఈవెంట్ హెడ్ వైపు తిరిగారు. "అయితే రాఖీ కట్టించుకోని హీరో మన దగ్గర ఎవరున్నారు?"

ఈవెంట్ హెడ్ గర్వంగా ఛాతీ విరిచాడు. "ఒక్కడు కూడా లేడు మేడమ్. మా ఈవెంట్లో ఒక్క హీరోని కూడా వదలం."

"అంటే మన హీరోలందరూ మన హీరోయిన్లందరికీ అన్నయ్యలు," అన్నాను నేను. నాకు అప్పటికింకా ఆశ చావలేదు. "మరి చానల్లో మిగతా సీరియల్స్ ఎలా నడుస్తున్నాయి సార్? అవన్నీ మొగుడూ పెళ్లాల కథలే కదా?"

"పరిశీలించితిని. సదరు ధారావాహికలయందు దంపతుల నడుమ అనురాగమనునది మచ్చునకైనను లేదు. కావున అభ్యంతరము లేదు."

ఆ సీరియల్స్ రాసింది నేనే కాబట్టి కాదనలేకపోయాను.

కౌశిక్ బిందె దించేసి వెళ్లిపోయాడు. వెళ్లబోతూ కూడా దారి తప్పి స్టోరు రూములోకి వెళ్లి తిరిగొచ్చాడు. అలేఖ్య నవ్వలేదు.

తర్వాత భీమశంకరం గారే ఉపాయం చెప్పారు. రాఖీ స్పెషల్‌కి హీరోలను పిలుస్తారు గాని విలన్లను పిలవరు. కాబట్టి ఏ అమ్మాయికీ అన్నయ్య కానివాళ్లు చానల్లో విలన్లు మాత్రమే. ఆ లెక్కన గదాధర్‌ని హీరోగా తీసుకున్నారు. గదాధర్ బంగారంలాంటి మనిషి. సెట్లో అందరికీ ఇంటి నుంచి సున్నుండలు తెస్తాడు. కాని కిందటి సీరియల్లో అలేఖ్యకు పాయసంలో విషం కలిపి చంపాడు.

"సార్, చంపినవాడితో ప్రేమంటే జనం ఒప్పుకుంటారా?" అని అడిగాను.

"హంతకునికిని హతురాలికిని ప్రేమ నిషిద్ధమని ఏ స్మృతియందును కానరాలేదు," అన్నారు భీమశంకరం గారు.

మొదటి ఎపిసోడ్ ప్రసారమైంది. గదాధర్ మీసాలు తగ్గించి, గళ్ల చొక్కా వేసుకుని, కొళాయి దగ్గర ఓడిపోయి, ప్రేమగా చెంబుతో నీళ్లు పట్టి అలేఖ్యకు అందించాడు. వెంటనే చానల్ ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. అవతల ఏలూరు నుంచి ఒక పెద్దావిడ ఏడుస్తోంది. "అమ్మాయిని ఆ నీళ్లు తాగొద్దని చెప్పండి బాబూ! వాడు కిందటిసారి పాయసంలో కలిపాడు! పిల్ల అమాయకురాలు, మళ్లీ నమ్మేస్తోంది!"

రెండో ఎపిసోడ్‌లో గదాధర్ పాట పాడుతూ మల్లెపూలు తెచ్చాడు. పూలలో పాముంటుందని రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టింది. పాము రాకపోయేసరికి మోసం చేశారని తిట్టారు. పాపం, గదాధర్ నా దగ్గరికొచ్చి సున్నుండ చేతిలో పెట్టి, "నేనేం చేసినా చంపేలా ఉన్నానండీ రైటర్ గారూ, ఏం చెయ్యమంటారు?" అన్నాడు. తప్పు అతనిది కాదు. కొన్ని మొహాలు చేతిలో చెంబు పట్టుకున్నా ఏదో కలిపినట్టే ఉంటాయి.

ఈలోగా భీమశంకరం గారు రెండో ఉత్తర్వు ఇచ్చారు. రాఖీ బంధుత్వం లెక్కలోకి వచ్చినప్పుడు, పూర్వపు పాత్రల బంధుత్వం ఎందుకు రాకూడదని ఆయనకు అనుమానం వచ్చింది. మా సీరియల్లో ఇంటి ఓనరమ్మ వేషం రాజ్యం గారిది. ఆవిడ ఒక సీరియల్లో అలేఖ్యకు తల్లి, ఇంకో సీరియల్లో గదాధర్‌కు తల్లి.

"ఒకే తల్లి బిడ్డలు ప్రేమించుకొనుట ఎట్లు?" అని ప్రశ్నించారాయన.

"నాయనా, నేను ఈ చానల్లో పుట్టిన పిల్లలందరికీ తల్లినే," అన్నారు రాజ్యం గారు. "మీకు కూడా తల్లిగా వేయమంటే వేస్తాను. నాకు పనేగా కావాల్సింది."

రాజ్యం గారిని తీసేశారు. తర్వాత పాల వాడిని తీసేశారు, అతను ఎప్పుడో అలేఖ్యకు మేనమామ. ఆ తర్వాత పక్కింటి ముసలాయనను తీసేశారు. మూడో వారానికి సెట్లో అలేఖ్య, గదాధర్, కొళాయి మిగిలారు. ఆ ముగ్గురిలో బాగా నటించింది కొళాయే.

సీరియల్ ఆపేశారు. మృదుల మేడమ్ ఒక్క ముక్కలో చెప్పేశారు. "కంటెంట్ వైజ్ ఓకే రైటర్ గారూ, కనెక్ట్ వైజ్ ప్రాబ్లం."

అలేఖ్యను కోమా సీరియల్లో వేశారు. స్క్రిప్టు ఇస్తే తీసుకుంది. సంచీలోంచి కళ్లలో వేసుకునే చుక్కల మందు తీసి బల్ల మీద పెట్టుకుంది, అంతే. నేను రాసిన ప్రతి ఏడుపు సీనూ ఆ పిల్ల కళ్లలోంచే పోవాలి కదా అనిపించింది.

మంచం మీద పడుకునే భర్త కావాలి. కౌశిక్ ఆ వేషానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఈసారి సరైన లైనులోనే నిలబడ్డాడు. భీమశంకరం గారు ఫైలంతా చదివి, "కోమాయందున్న భర్త విషయమున అనురాగ ప్రసక్తి ఉత్పన్నము కాదు. అర్హుడు," అని రాశారు.

షూటింగ్ మొదలైంది. కౌశిక్ ముక్కుకు గొట్టంతో, కళ్లు మూసుకుని పడుకున్నాడు. అలేఖ్య గ్లిజరిన్ పెట్టుకుని, అతని చెయ్యి పట్టుకుని, "లేవండీ! ఒక్కసారి కళ్లు తెరవండీ! మీకేం కావాలో చెప్పండీ!" అని గుండెలు బాదుకుంది.

కౌశిక్ పెదవులు కదలకుండా, ఆమెకు, మంచం పక్కన స్క్రిప్టు పట్టుకుని నిలబడ్డ నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు. "నల్లాల నీళ్లు."

అలేఖ్య మొహం కౌశిక్ గుండెల మీద దాచుకుంది. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. "అద్భుతం! ఎంత ఏడుపు!" అన్నాడు డైరెక్టర్. నవ్వుతోందని నాకు, కౌశిక్‌కు తప్ప ఎవరికీ తెలియలేదు. ఆ రోజు నుంచి ఆమె గ్లిజరిన్ పెట్టుకోవడం మానేసింది. కౌశిక్ రోజుకొక మాట అనేవాడు, ఆమె అతని మీద పడి నవ్వేది, కెమెరాకు వీపు కనిపించేది. రాష్ట్రమంతా ఆ వీపు చూసి ఏడ్చింది.

ఒకరోజు షూటింగ్ అయ్యాక ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు.

"మేం పెళ్లి చేసుకుంటున్నామండీ రైటర్ గారూ," అంది అలేఖ్య. "కొళాయి సీరియల్ ఆగిపోయాక రోజూ పొద్దున్నే లేవగానే గొడవ పెట్టుకోవాలనిపించేది. తీరా చూస్తే ఎదురుగా మనిషి లేడు. ఏం తోచేది కాదు."

"మరి నువ్వేమంటావయ్యా?" అన్నాను కౌశిక్‌తో.

"నేనేమంట సార్? ఆమె అడిగింది, నేను ఓడిపోయిన," అన్నాడు కౌశిక్.

యాదగిరిగుట్టలో తాళి కట్టి, రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టారు. సాక్షులుగా నేనూ, గదాధర్ వెళ్లాం. గదాధర్ తెచ్చిన సున్నుండలు రిజిస్ట్రార్ గారు ముట్టలేదు. ఆయన ఇంట్లో మా సీరియల్స్ చూస్తారట.

సర్టిఫికెట్ పట్టుకుని నలుగురం తిన్నగా భీమశంకరం గారి దగ్గరికి పోయాం. ఇద్దరూ అన్నాచెల్లెళ్లు కారని సర్కారే ముద్ర వేసింది కదా, ఇంక కొళాయి సీరియల్ మళ్లీ మొదలెట్టమని అడిగాం. ఆయన సర్టిఫికెట్‌ను వెలుతురుకి పెట్టి చూశారు. జీవితమంతా ముద్రలకు దండం పెట్టిన మనిషి కాబట్టి దాన్ని కళ్లకద్దుకున్నారు.

"సర్కారు ముద్ర కలదు. ఒప్పుకొనక తప్పదు. సోదరభావము రద్దు చేయడమైనది," అన్నారు. అలేఖ్య ఎగిరి గంతేసింది.

అప్పుడు ఆ గదిలోనే కూర్చున్న మృదుల మేడమ్ లాప్‌టాప్ తెరిచారు. "కంగ్రాట్స్. బట్ ఒక ఇష్యూ ఉంది. మన రీసెర్చ్ టీమ్ సర్వే చేసింది. పెళ్లయిన వాళ్ల మధ్య ప్రేమ ఉంటుందంటే మన ఆడియన్స్ నమ్మట్లేదు. ఆడవాళ్లలో తక్కువమంది నమ్మారు, మగవాళ్లు ప్రశ్న అర్థం కాలేదన్నారు. కాబట్టి రియల్ లైఫ్ భార్యాభర్తలు లవ్ కామెడీకి సెట్ కారు."

"మేడమ్," అంది అలేఖ్య. "రాఖీ కట్టానని ప్రేమించొద్దన్నారు. తాళి కట్టించుకున్నానని ప్రేమించొద్దంటున్నారు. మరి ప్రేమించేదెవరండీ?"

"అది పాలసీ మ్యాటర్," అన్నారు మేడమ్.

"కోమా ధారావాహికకు మాత్రము ఇరువురును యథాతథముగా అర్హులు," అని ఓదార్చారు భీమశంకరం గారు.

అలేఖ్య మళ్లీ మంచం పక్కకు వెళ్లి కూర్చుంది. ఈసారి కౌశిక్ ఎన్ని మాటలన్నా నవ్వు రాలేదు. గ్లిజరిన్ సీసా మళ్లీ బయటికొచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి, డైరెక్టర్ సంతోషించాడు. నాకు మాత్రం ఉద్యోగం మానేసి ఊరికి పోయి ఇస్త్రీ బండి పెట్టుకుందామనిపించింది.

ఇంతలో రాఖీ పండగ వచ్చింది.

ఆ ఏడు ఈవెంట్ లైవ్. మిఠాయి కంపెనీ మారింది, థర్మాకోల్ మారలేదు. హీరోయిన్లందరూ పట్టుచీరల్లో పళ్లేలు పట్టుకుని స్టేజీ మీద వరసగా కూర్చున్నారు. అలేఖ్య చివర కూర్చుంది. కోమా భర్త గనుక కౌశిక్ జనానికి కనబడకూడదని మేడమ్ ముందే హుకుం జారీ చేసి, వెనక గదిలో భోజనం చేయమన్నారు.

ముందు వరస కుర్చీల్లోంచి చూస్తున్నాను. హీరోలు ఒక్కొక్కరే వస్తున్నారు, యాంకరమ్మ కన్నీళ్లు తుడుచుకుంటోంది. లైను సాగి సాగి చివరికొచ్చింది. చివర, చేతిలో ఖాళీ ప్లేటుతో, మెడ పొడుగు చేసి ముందుకి తొంగిచూస్తూ కౌశిక్ నిలబడి ఉన్నాడు.

కోమాలో ఉన్నవాడు లైవ్‌లో ప్లేటు పట్టుకుని నిలబడేసరికి ఆడిటోరియం మొత్తం లేచి నిలబడింది. మృదుల మేడమ్ "కట్! కట్!" అని అరిచారు. లైవ్‌లో కట్ చెప్పడం కుదరదని ఆవిడకు ఎవరో గుర్తుచేశారు.

కౌశిక్ అలేఖ్య ముందుకొచ్చి పళ్లెంలోకి చూశాడు. "గిదేంది? మల్ల దారాలేనా?" అన్నాడు. మైకు ఆన్‌లో ఉంది.

అలేఖ్య రాఖీ పళ్లెం పక్కన పెట్టి, రెండు చేతులూ నడుం మీద వేసుకుంది.

"ఏం మనిషివయ్యా నువ్వు? కిందటిసారి ఈ లైనులో నిలబడినందుకు ఏడాదిపాటు నా కొంప ముంచావు. మళ్లీ ఇదే లైనులోకి వచ్చావా? కళ్లున్నాయా లేవా?"

"కోమాల ఉన్నోనికి కళ్లు ఎక్కడియే?"

"బిర్యానీ వాసన ఎటొస్తోందో కూడా తెలియదా?"

"వాసన చూద్దామంటే ముక్కుకు నువ్వు పెట్టిన గొట్టమే గుర్తొస్తున్నది."

అలేఖ్య అతని చెవి పట్టుకుని లైనులోంచి లాగింది. ఆ చెవులు అందుకు ఎంత అనుకూలమో అప్పుడు తెలిసింది. "పద! భోజనాలు అటు. ఇంకోసారి ఎవరైనా కుడి చెయ్యి చాపమంటే, ముందు నన్నడిగి చాపు!" లాక్కుపోతూ పోతూ ఆగి, అతని మొహం చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆడిషన్ రోజు నవ్విన నవ్వే. ఆడిటోరియమంతా కలిసి నవ్వింది. యాంకరమ్మ కన్నీళ్లు మర్చిపోయి నవ్వింది. భీమశంకరం గారు కూడా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ప్రోగ్రాం ఇంకా నడుస్తుండగానే, ముందు వరసలోనే కూర్చున్న చైర్మన్ గారికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్‌లో తల్లిగారి గొంతు నా కుర్చీదాకా వినబడింది. "ఒరేయ్, ఆ అబ్బాయి లేచాడురా! నేను మొక్కుకున్నాను, తిరుపతి పోవాలి. ఇంక ఆ పిల్లను ఏడిపించావంటే నీకు అన్నం పెట్టను. ఇద్దరూ బిందెల దగ్గర కొట్టుకునేది ఉండేది కదా, అది వెయ్యి!"

చైర్మన్ గారు మృదుల మేడమ్ వైపు చూశారు. మేడమ్ లాప్‌టాప్ మూసేసి, "ఆక్చువల్లీ, రీసెర్చ్ కూడా ఇదే చెబుతోంది సార్," అన్నారు.

'కొళాయి దగ్గర' మళ్లీ మొదలైంది. రాజ్యం గారు ఓనరమ్మగా తిరిగొచ్చారు. గదాధర్‌ను నీళ్ల ట్యాంకరు డ్రైవర్‌గా పెట్టాం. జనం అతని నీళ్లు తాగరు గనుక కొళాయికి గిరాకీ పెరిగింది, అది కథకు మేలు చేసింది. అలేఖ్య చుక్కల మందు సీసా అలమర్లో పడేసింది. రోజూ ఇంట్లో కాఫీ దగ్గర మొదలైన గొడవను దారి పొడుగునా తెచ్చి సెట్లో పూర్తిచేస్తున్నారు. నాకు రాసే పని సగానికి తగ్గింది.

భీమశంకరం గారు మాత్రం ఒక షరతు మీదే ఫైలు మీద సంతకం పెట్టారు. ఇచ్చిన ఉత్తర్వును వెనక్కి తీసుకోవడం ఆయన సర్వీసులో లేదు, ప్రజలు అపార్థం చేసుకోకూడదన్నది ఆయన పట్టుదల. అందుకని ప్రతి ఎపిసోడ్ ముందూ ఆయనే స్వయంగా రాసిన ప్రకటన ఒకటి తెర మీద వేస్తున్నాం. కుక్కరు దింపడానికి వెళ్లినవాళ్లు కూడా పరుగున వచ్చి చదువుతున్నారట.

"ఈ ధారావాహికలో ప్రేమించుకొను పాత్రధారులు నిజజీవితమున భార్యాభర్తలు. వారి నడుమ కానవచ్చు ప్రేమ కేవలము యాదృచ్ఛికము."